సూది బ్యాగులోనే ఉండనివ్వండి

టైప్ 1 షుగర్ ఉన్న పిల్లల్ని ఇన్సులిన్ వేసుకోవడానికి టాయిలెట్‌కు పంపే బడులు ఇంకా ఉన్నాయి. వేలు గుచ్చి షుగర్ చూసుకోబోతే ‘క్లాసులో రక్తమేమిటి’ అని కసిరే టీచర్లూ ఉన్నారు. ఈ తీరును ప్రభుత్వం ఇకనైనా మాన్పించాలి.

ఇది తీపి తిని తెచ్చుకున్న జబ్బు కాదు. ఒంట్లోని రక్షణ వ్యవస్థే క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలను చంపేస్తుంది. మాత్రలతో కుదరదు, బయటినుంచి ఇన్సులిన్ ఎక్కించాల్సిందే. 1922లో టొరంటోలో పద్నాలుగేళ్ల కుర్రాడికి తొలి ఇంజెక్షన్ ఇచ్చేదాకా ఈ జబ్బు వచ్చిన పిల్లలు బతికేవారే కాదు.

బళ్లో అసలు భయం లో షుగర్. డ్రిల్ పీరియడ్‌లో పరుగెత్తినా, ఇన్సులిన్ వేసుకున్నాక అన్నం ఆలస్యమైనా షుగర్ 70 కన్నా కిందికి జారుతుంది. చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, అడిగిన దానికి జవాబు రాదు. తెలియని టీచరుకు అది పరధ్యానంగానో, మొండితనంగానో కనిపిస్తుంది. ఆ క్షణాన కావలసింది మూడు చెంచాల గ్లూకోజ్ పొడి, పదిహేను నిమిషాలాగి మరో పరీక్ష. అంతే. ‘ఆఫీసు రూముకు వెళ్లి అడుగు’ అని ఒంటరిగా పంపితే ఆ పిల్లో పిల్లాడో మెట్ల మీదే పడిపోవచ్చు. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకూడదని, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలని ఎంతమంది టీచర్లకు చెప్పాం?

సూది బాధ్యత తమది కాదని యాజమాన్యాలు అంటాయి. పెద్ద పిల్లలు తామే వేసుకుంటారు. చిన్నవాళ్ల పక్కన నేర్చుకున్న పెద్దమనిషి ఒకరుంటే చాలు. ఈ సంగతులు నేర్పడానికి ఒక పూట సరిపోతుంది.

బోర్డు పరీక్షల హాల్లోకి చక్కెర బిళ్లలు, పండ్లు తీసుకెళ్లడానికి సీబీఎస్‌ఈ 2017లోనే ఒప్పుకుంది. క్లాసులో షుగర్ పరీక్షకు, ఇన్సులిన్‌కు, మధ్యలో చిరుతిండికి అనుమతించాలని జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ 2023లో రాష్ట్రాలకు రాసింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం చెప్పిన 21 వైకల్యాల్లో ఈ జబ్బు లేదు, ఆ చట్టం అండ వీళ్లకు అందదు. అందుకే కమిషన్ మాట ప్రతి ప్రైవేటు బడికీ, గురుకులానికీ తప్పించుకోలేని ఉత్తర్వు కావాలి. స్టడీ అవర్ల పేరిట టిఫిన్ వేళ జరిపే కాలేజీ హాస్టళ్లకు మరీను. ఈ జబ్బు ఉందని సీటు ఇవ్వని యాజమాన్యం గుర్తింపు రద్దు చేస్తామని ఆ ఉత్తర్వులోనే రాయాలి.