ఎత్తిన బస్తాలు చాలవా?

"పొద్దస్తమానం బస్తాలు మోసేవాడికి మళ్ళీ జిమ్మెందుకురా?" సాయంత్రం పని దిగి, కాళ్ళూ చేతులూ కడుక్కుని, బ్యాగు భుజాన వేసుకున్న సెంటరింగ్ కుర్రాణ్ణి పెద్ద మేస్త్రి అడిగే మాట ఇది. కూకట్‌పల్లి వైపో, మియాపూర్ వైపో తెల్లవారగానే లేబర్ అడ్డా మీద నిలబడే కుర్రాళ్ళలో కొందరు ఇప్పుడు నెలనెలా ఫీజు కట్టి సందుల్లోని జిమ్ముల్లో చేరుతున్నారు. పెద్దాయన మాటలో అలసిన ఒంటి మీద జాలి ఉంది, దాన్ని కాదనను. కానీ ఆ జాలి వెనక మనందరం తాతల నాటి నుంచీ మోస్తున్న ఒక నమ్మకం ఉంది. కాయకష్టమే వ్యాయామం, కష్టం చేసేవాడి ఒళ్ళు దానంతటదే ఉక్కవుతుంది, వాడు రాళ్ళు తిన్నా అరిగించుకుంటాడు అన్న నమ్మకం. దీన్ని ఎవరూ పరీక్షించి చూడరు.

పరీక్షించడానికి ఎక్కడికో వెళ్ళక్కర్లేదు. యాభై దాటిన తాపీ మేస్త్రినో, ముప్పై ఏళ్ళు రాడ్డు వంచిన మనిషినో నేల మీద కూర్చుని లేవమనండి. మోకాలి మీద చెయ్యి పెట్టకుండా లేచేవాళ్ళు తక్కువ. పనే వ్యాయామమైతే ఊళ్ళో అందరికంటే దృఢమైన నడుములు వీళ్ళవే కావాలి కదా. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో లక్షా నాలుగు వేల మందిని దాదాపు పదేళ్ళు గమనించి 2021లో ఫలితాలు ప్రకటించారు. తీరిక వేళల్లో ఒళ్ళు వంచేవాళ్ళలో గుండెజబ్బులు, మరణాలు తగ్గాయి. ఉద్యోగంలో భాగంగా ఒళ్ళు వంచేవాళ్ళలో పెరిగాయి. ఆదాయం, పొగతాగడం లాంటి తేడాలను లెక్కలోంచి తీసేసినా ఆ ధోరణి పోలేదు. దీని మీద పరిశోధకుల మధ్య వాదన ముగియలేదు, కానీ వాళ్ళు చూపించే కారణాలు పని తెలిసిన ఎవరికైనా అర్థమయ్యేవే. జిమ్‌లో బరువు ఎత్తినవాడు పన్నెండుసార్లు ఎత్తి దించేస్తాడు, రెండు నిమిషాలు కూర్చుంటాడు, చాలనిపిస్తే ఇంటికి పోతాడు. సైట్లో కూలీ ఎనిమిది తొమ్మిది గంటలు ఒకే వంకర భంగిమలో, ఒకే భుజం మీద, ఎండలో మోస్తాడు. కాంక్రీటు కలిపే మిల్లర్ తిరుగుతున్నంత సేపూ తట్ట ఆగకూడదు. ఎప్పుడు ఆపాలో అతని ఒళ్ళు చెప్పదు, మేస్త్రి చెబుతాడు. గుండె వేగమూ రక్తపోటూ గంటల తరబడి పైనే ఉంటాయి, కోలుకునే సమయం దొరకదు.

మరి ఇంత తేడా ఉన్నా నమ్మకం ఎందుకు చెక్కుచెదరలేదు? నాకు తోచిన జవాబు ఒక్కటే. అది కూలీకి కాదు, కూలీ ఇచ్చేవాడికి పనికొస్తుంది. కొందరి ఒళ్ళు కష్టానికే పుట్టిందని, ఎండా బరువూ వాళ్ళకు తగలవని చెప్పిన కులధర్మం ఇప్పుడు "వాళ్ళకు అలవాటేలెండి" అన్న మాటగా మారి అపార్ట్‌మెంట్ సెల్లార్ల దాకా వచ్చింది. ఏ ఒంటి కండరమైనా, ఏ ఒంటి వెన్నుపూసైనా ఒకేలా అరుగుతుంది. భవన కార్మికుల కోసం 1998లో వచ్చిన కేంద్ర నియమాలు మగవాడు ఒంటరిగా ఎత్తే బరువు 55 కిలోలు, ఆడమనిషి ఎత్తేది 30 కిలోలు దాటకూడదని రాశాయి. మన సిమెంటు బస్తా 50 కిలోలు. అంటే పెద్ద మేస్త్రి మామూలు సంగతిగా చెప్పే బస్తా మగవాడికి చట్టం గీసిన గీతకు కాస్త దిగువన ఉంది, అదే బస్తా ఆడకూలీకి ఆ గీత దాటి 20 కిలోలు ఎక్కువ.

కాబట్టి కూలీకి జిమ్ అనవసరం కాదు. డెన్మార్క్‌లోనే కబేళాల్లో పనిచేస్తూ చేతులు, భుజాల నొప్పులతో బాధపడుతున్న 66 మందిని రెండుగా విడదీసి, ఒక గుంపు చేత పది వారాల పాటు వారానికి మూడుసార్లు, పదేసి నిమిషాలు మాత్రమే కండరాల వ్యాయామం చేయించారు. వాళ్ళ నొప్పి తగ్గింది, బలం పెరిగింది. వారానికి మొత్తం అరగంట! కష్టం చేసే ఒంటికి కావలసింది ఇంకా ఎక్కువ కష్టం కాదు, పనిలో వాడని కండరాలకు కొలత ప్రకారం పెట్టే పని. తట్ట మోసేవాడు రోజంతా ముందుకు వంగే ఉంటాడు. అతనికి వెనక్కి లాగే వ్యాయామాలు, తుంటి కండరాలకు, పొట్టచుట్టు కండరాలకు బలమిచ్చేవి అవసరం.

అయితే జిమ్ గడప లోపల వేరే నమ్మకాలు కాచుకుని ఉంటాయి. నొప్పి ఎంత ఉంటే కండ అంత పెరుగుతుందట. రోజూ రావాలట, ఒక్కరోజు మానినా పెంచింది పోతుందట. ఆఫీసు కుర్చీలో కూర్చునేవాడి కోసం రాసిన ఆరు రోజుల చార్టునే రాడ్ బెండింగ్ కుర్రాడి చేతిలోనూ పెడతారు. అతను స్లాబు వేసిన రోజు సాయంత్రం కూడా వెళ్ళి స్క్వాట్లు తీస్తాడు. ఇతనికి అర్థమయ్యే ఉదాహరణ ఇతని పనిలోనే ఉంది. కాంక్రీటు పోసిన రోజున గట్టిపడదు. నీళ్ళు కట్టి వారం రోజులు తడిపితేనే గట్టిపడుతుంది. కండరం కూడా బరువు ఎత్తినప్పుడు పెరగదు. తిండి, నిద్ర దొరికిన తర్వాతి ఒకటి రెండు రోజుల్లో పెరుగుతుంది. వారానికి రెండు, మహా అయితే మూడు రోజుల జిమ్ ఇతనికి చాలు, స్లాబు రోజున అసలు వద్దు. అలవాటు లేని బరువు మొదటిరోజే ఎత్తి కండరాలు చితికిపోతే, వాటిలోని పదార్థం రక్తంలోకి దిగి కిడ్నీలను దెబ్బతీస్తుంది. మూత్రం టీ డికాషన్ రంగులో వచ్చిందంటే అది ఒళ్ళు గట్టిపడుతున్న గుర్తు కాదు, వెంటనే ఆసుపత్రికి పోవలసిన గుర్తు.

చెమట సంగతి కూడా ఇలాంటిదే. కొవ్వు చెమటగా కారిపోతుందని నమ్మి, ఎండలో పని చేసి వచ్చి మళ్ళీ దళసరి జాకెట్ వేసుకుని పరుగెత్తేవాళ్ళున్నారు. కరిగిన కొవ్వు ఎక్కడికి పోతుందో 2014లో ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. పది కిలోల కొవ్వులో ఎనిమిది కిలోలకు పైగా బొగ్గుపులుసు వాయువుగా ఊపిరిలోంచి పోతుంది. చెమటతో పోయేది ముఖ్యంగా నీరూ ఉప్పూ. ఆ రెండూ వాళ్ళు అప్పటికే పగలంతా పోగొట్టుకున్నారు.

ఇంకొకటి గుసగుసగా నడిచే నమ్మకం. ఒక్క చుక్క వీర్యం నలభై చుక్కల రక్తంతో సమానమని, అది పోతే ఎంత తిన్నా కండ పట్టదని, ఆంజనేయస్వామి పటం కింద నిలబడి కోచ్ చెబుతాడు. చిన్న వయసు కుర్రాళ్ళు దీనితో ఎంత కుమిలిపోతారంటే, 1960లో మానసిక వైద్యుడు ఎన్.ఎన్. విగ్ ఈ బాధకు ధాత్ సిండ్రోమ్ అని పేరే పెట్టవలసి వచ్చింది. ఒకసారి పోయే వీర్యంలో ఉండే మాంసకృత్తులు ఒక కోడిగుడ్డులో ఉండేదానిలో ఇరవయ్యో వంతు కూడా ఉండవు. ఈ భయంతో కుర్రాడి నిద్ర పోతుంది. నిద్ర పోతే నిజంగానే కండ పట్టదు.

తిండి దగ్గరికి వద్దాం, ఎక్కువ నష్టం అక్కడే జరుగుతోంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం 65 కిలోల మగవాడు కూర్చుని చేసే పనిలో ఉంటే రోజుకు 2110 కిలోకేలరీలు, బరువు పనిలో ఉంటే 3470 కావాలి. తేడా 1360. మాంసకృత్తులు 54 గ్రాములు. కండ పెంచాలనుకునేవాడికి కిలో బరువుకు 1.6 గ్రాముల దాకా తీసుకుంటే ఫలితం ఉంటుందని, అంతకు మించితే పెద్దగా లాభం లేదని 49 అధ్యయనాలను కలిపి చూసిన 2018 నాటి విశ్లేషణ చెప్పింది. అరవై కిలోల కుర్రాడికి 96 గ్రాములు. అన్నంలో మాంసకృత్తులు లేకపోలేదు, కిలో బియ్యంలో 70, 80 గ్రాములు ఉంటాయి. కానీ వాటిలో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. ఆ లోటు పప్పు తీరుస్తుంది. మన సైటు టిఫిన్ డబ్బాలో అన్నం కొండంత ఉంటుంది, పప్పు నీళ్ళలా ఉంటుంది, పక్కన పచ్చడి.

ఈ లోటు పూడ్చడానికి దొరికే చవకైన వస్తువు గుడ్డు. దాని చుట్టూ ఎన్ని ఆంక్షలో చూడండి. ఎండాకాలంలో గుడ్డు వేడి చేస్తుందని మానేస్తారు. మాంసకృత్తులు అరిగేటప్పుడు ఒంట్లో కాస్త వేడి పుట్టేమాట నిజమే. గుడ్డుకు అది పది కేలరీల లోపే. గంట సేపు తట్టలు మోస్తే పుట్టే వేడి దానికి ఎన్నో రెట్లు. వేసవిలో మనిషిని పడగొట్టేది పనిలోని ఆ వేడి, తాగని నీళ్ళు. పచ్చిగా తాగితేనే గుడ్డులో బలం ఉంటుందని జిమ్ముల్లో ఇంకో మాట. బెల్జియంలో 1998లో కొలిచి చూస్తే ఉడికించిన గుడ్డు మాంసకృత్తుల్లో 91 శాతం, పచ్చి గుడ్డులో 51 శాతం మాత్రమే ఒంటికి పట్టాయి. పచ్చిగా తాగేవాడు కష్టపడి సంపాదించిన రూపాయిలో దాదాపు సగం పారబోస్తున్నాడు.

ఆపైన వారాలు. మంగళవారం ఆంజనేయుడికి, శనివారం వేంకటేశ్వరుడికి, కార్తీకం, శ్రావణం, అయ్యప్ప దీక్షకు నలభై ఒక్క రోజులు. మాంసం మానేస్తే ఒళ్ళు చెడిపోతుందని నేను అనడం లేదు. వంద గ్రాముల మీల్ మేకర్‌లో 50 గ్రాములకు పైగా, వేరుశనగల్లో 25, కందిపప్పులో 22 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. వాటిని కడుపునిండా తిని మాంసం మానేస్తే నష్టం లేదు. జరుగుతున్నది అది కాదు. గుడ్డూ చేపా తీసేసిన చోట ఏమీ చేరదు, సాంబారన్నం మిగులుతుంది. కొందరు ఒంటిపూట భోజనంతోనే నాలుగో అంతస్తుకు ఇసుక మోస్తారు. ఖాళీ కడుపుతో, ఎండలో, పరంజా మీద కళ్ళు తిరిగినవాణ్ణి ఏ దేవుడూ పట్టుకోడు. ఆ క్షణంలో పట్టుకునేది నడుముకు కట్టిన బెల్టు, అది చాలామందికి ఉండదు.

ఒక్క నమ్మకం మాత్రం ప్రాణాల మీదికి తెచ్చేది, దాన్ని నమ్మకమని ఎవరూ గుర్తించరు కూడా. సాయంత్రం క్వార్టర్ పడితే ఒళ్ళునొప్పులు పోతాయని, పొద్దున్నే ఒక నొప్పి బిళ్ళ వేసుకుంటే పని సాగుతుందని. వ్యాయామం తర్వాత బాగా మద్యం తాగించి చూసిన 2014 నాటి ఆస్ట్రేలియా ప్రయోగంలో, మాంసకృత్తులు ఇచ్చినా కండరం తిరిగి కట్టుకునే వేగం 24 శాతం తగ్గింది. జిమ్‌కు పోయి చేసినదాంట్లో కొంత ఆ గ్లాసు వెనక్కి లాగేస్తుంది. నొప్పి బిళ్ళలది ఇంకా పెద్ద ప్రమాదం. ఒంట్లో నీరు తగ్గినప్పుడు అవి కిడ్నీలకు రక్తం అందనివ్వవు. శ్రీకాకుళం ఉద్దానం నుంచి ఎందరో నిర్మాణ పనుల కోసం హైదరాబాదుకూ, ఇతర రాష్ట్రాలకూ వలస వస్తున్నారు. అక్కడ ప్రబలిన కిడ్నీ జబ్బుకు మూలకారణం ఇదీ అని ఇంకా తేలలేదు. అలాంటి ప్రాంతం నుంచి వచ్చినవాడు నీళ్ళు తక్కువ తాగి, ఎండలో పని చేసి, రోజూ డైక్లోఫెనాక్ మింగడం చూస్తే నాకు భయం వేస్తుంది. విచిత్రంగా ఇంట్లోవాళ్ళు తిట్టేది ప్రోటీన్ పౌడర్ని, కిడ్నీలు పాడవుతాయని. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీలకు మాంసకృత్తులు చెరుపు చేస్తాయనడానికి ఆధారం లేదు, జబ్బు ఉన్నవాళ్ళే డాక్టర్ని అడగాలి. డబ్బా మీది అంకెల్ని నమ్మకపోవడం మాత్రం మంచిదే. 2024లో కేరళ వైద్యుల బృందం మన మార్కెట్లోని 36 రకాల పౌడర్లు పరీక్షిస్తే దాదాపు 70 శాతం డబ్బాల మీద రాసినది తప్పని తేలింది. మాంసకృత్తుల్లో నాలుగు ఉడికించిన గుడ్లు ఒక స్కూపు పౌడర్‌తో సమానం. వాటి మీద ఎవరూ అబద్ధం రాయలేరు.

ఇంతా చెప్పి, తినడం కూలీ ఒక్కడి బాధ్యతేనంటే అది అన్యాయం. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం 250 మంది పనిచేసే చోట యజమాని క్యాంటీన్ పెట్టాలంది. అదే ఏడాది వచ్చిన సెస్ చట్టం కట్టడపు ఖర్చులో ఒక శాతం కార్మికుల సంక్షేమానికి వసూలు చేయమంది. కోటి రూపాయల భవనానికి లక్ష రూపాయలు. గుజరాత్ 2017లో కూలీలు నిలబడే కూడళ్ళ దగ్గరే చవక భోజనం మొదలుపెట్టింది. హైదరాబాదులో 2014 నుంచి ఐదు రూపాయల భోజనం ఉంది, అది ఎందరి ఆకలినో తీరుస్తోంది. ఆ పళ్ళెంలో అన్నం, సాంబారు, కూర, పచ్చడి ఉంటాయి, గుడ్డు ఉండదు. వండి పంపేది మతసంస్థ, వారి వంటలో గుడ్డుకు చోటు లేదు. తమ నియమం తాము పాటించుకునే హక్కు వారికి ఉంది. ప్రజల డబ్బుతో పెట్టే కూలీ పళ్ళెంలో ఏముండాలో ఆ నియమం తేల్చడాన్ని మాత్రం నేను ఒప్పుకోను. బడిపిల్లలకు మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెడుతున్న ప్రభుత్వాలే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. సెస్ నిధి నుంచి అడ్డాల దగ్గర పొద్దున ఏడుకల్లా రెండేసి ఉడికించిన గుడ్లు, గుడ్డు తినని వాళ్ళకు గుగ్గిళ్ళు, తాగడానికి శుభ్రమైన నీళ్ళు ఇవ్వమని కార్మిక సంఘాలు సంక్షేమ బోర్డును రాతపూర్వకంగా అడగాలి.