నడుము ఆపరేషన్‌కు తొందరపడాలా?

ఉంగుటూరులో మీ నాన్నగారు మామిడితోటలో నాలుగు వరసలు నడిచేసరికి కాళ్లు లాగేస్తున్నాయని గట్టు మీద కూర్చుండిపోతున్నారా? సైకిలెక్కితే మాత్రం ఊరంతా తిరిగి వస్తున్నారా? అది మోకాళ్ల అరుగుదలేనని సరిపెట్టుకోకండి. వెన్నులో నరాలు వెళ్లే దారి ఇరుకైపోవడం, అంటే స్పైనల్ స్టెనోసిస్ కావచ్చు. నిటారుగా నిలబడితే ఆ దారి మరింత ఇరుకవుతుంది. ముందుకు వంగితే కాస్త తెరుచుకుంటుంది. అందుకే సైకిల్ మీద నొప్పి ఉండదు. కాళ్లకు రక్తప్రసరణ తగ్గినా నడకలో నొప్పి వస్తుంది కాబట్టి షుగర్, పొగతాగే అలవాటు ఉంటే పాదాల నాడి కూడా చూపించండి.

ఎంఆర్ఐ రిపోర్టు చూసి బెంబేలెత్తకండి. అరవై దాటాక ఏ నొప్పీ లేనివారి స్కానింగులోనూ ఇరుకు కనిపించవచ్చు. వైద్యం చేయాల్సింది ఫిల్ముకు కాదు, మనిషికి.

'కోత లేకుండా ఒక్క ఇంజెక్షన్‌తో నయం' అన్న మాటను ఎంతవరకు నమ్మాలి? 2014లో అమెరికాలో 400 మంది స్టెనోసిస్ రోగులపై జరిగిన పరీక్షలో స్టెరాయిడ్ కలిపిన మత్తుమందు, ఉత్త మత్తుమందు ఆరు వారాలకు దాదాపు ఒకే ఫలితమిచ్చాయి. 2025 ఫిబ్రవరిలో బీఎంజే పత్రికలో వచ్చిన మార్గదర్శకాలు దీర్ఘకాలిక వెన్నునొప్పికి ఇలాంటి ఇంజెక్షన్లు వద్దన్నాయి. నొప్పి వైద్యుల సంఘాలు కొన్ని దీంతో విభేదించాయి. కొందరికి కొన్ని వారాల ఉపశమనం దక్కవచ్చు. ఇరుకు మాత్రం పోదు. పైగా షుగర్ ఉన్నవారికి స్టెరాయిడ్‌తో కొన్ని రోజులు చక్కెర పెరుగుతుంది.

వ్యాయామం సంగతేమిటి? 2015లో వెలువడిన మరో అమెరికా అధ్యయనంలో ఆపరేషన్‌కు సిద్ధపడిన 169 మందిని రెండు జట్లు చేశారు. రెండేళ్లకు ఆపరేషన్ జట్టు, ఫిజియోథెరపీ జట్టు శారీరక సామర్థ్యంలో దాదాపు సమానంగా నిలిచాయి. అయితే ఫిజియోథెరపీ జట్టులో సగానికి పైగా తర్వాత ఆపరేషన్ చేయించుకున్నారన్నదీ మరవొద్దు. అంటే వ్యాయామం అందరికీ చాలదు, కానీ ముందు ప్రయత్నించదగ్గది అదే. ఫిజియోథెరపిస్టు దగ్గర ముందుకు వంగే వ్యాయామాలు నేర్చుకుని రెండు మూడు నెలలు వదలకుండా చేయించండి. స్టాండు సైకిల్ తొక్కడం, బరువు తగ్గడం మేలు చేస్తాయి.

అయినా నడక తగ్గిపోతుంటే ఆపరేషన్ తప్పు కాదు. కాకపోతే 'ఇరుకు తీస్తే చాలా, రాడ్లు, స్క్రూలు కూడా కావాలా?' అని అడగండి. 2016లో ప్రచురితమైన స్వీడన్ పరీక్షలో 247 మందిని చూస్తే, పూసలు బిగించడం వల్ల అదనపు మేలు కనిపించలేదు. పూసలు బాగా కదిలిపోతున్నవారి సంగతి వేరు. మంగళగిరి ఎయిమ్స్ వంటి చోట రెండో అభిప్రాయం తీసుకుంటే పోయేదేమీ లేదు.

ఒక్క విషయంలో మాత్రం ఆగొద్దు. మూత్రం, మలం అదుపు తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, పాదం పైకి లేవకపోయినా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.