మందు పట్టీపై ఎఱ్ఱగీత

మందుల అంగడికి బోయి నాలుగు అజిత్రోమైసిను మాత్రలిమ్మన్నచో, మన పట్టణములలో ననేకచోట్ల చీటి యేదియని యడుగువారు లేరు. వర్తకుడు కత్తెరతో పట్టీని కత్తిరించి చేతబెట్టును. కొన్నవాడు రెండు మాత్రలు మ్రింగి, జ్వరము తగ్గగానే మిగిలినవానిని బల్లసొరుగున బడవైచును. ఆ పట్టీపై ఎఱ్ఱని నిలువుగీతయు, ఆర్ ఎక్స్ అను గుర్తును, నలుసంత యక్షరములతో ఆంగ్లమున నొక హెచ్చరికయు గలవు. రిజిస్టరైన వైద్యుని చీటిపైననే దీనిని చిల్లరగా నమ్మవలయునని దాని భావము. కత్తెర తఱచుగా నా హెచ్చరిక మీదుగనే పోవుచుండును!

ఈ కట్టుబాటు నిన్న మొన్నటిది కాదు. 1930లో నియమింపబడి మఱుసటి యేట నివేదిక నొసగిన చోప్రాగారి ఔషధ విచారణ సంఘము నాటి మందుల వర్తకపు దుస్థితిని బయటబెట్టెను. తరువాత 1940లో డ్రగ్స్ చట్టమును, 1945లో దాని నియమములును, 1948లో ఫార్మసీ చట్టమును వచ్చినవి. మందులను తరగతులుగా విభజించి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క ఆంగ్లాక్షరమును పేరుగా బెట్టినవి ఆ నియమములే. చిక్కంతయు నక్కడనే యున్నది.

జీ షెడ్యూలు మందులకు చీటి యక్కఱలేదు. వైద్యుని పర్యవేక్షణ లేక వాడుట యపాయమను హెచ్చరిక మాత్రము ముద్రింపవలయును. హెచ్ షెడ్యూలువానికి చీటి తప్పనిసరి. ఎక్స్ షెడ్యూలువానికి చీటి రెండు ప్రతులుండవలయును. ఒకటి అంగడిలో రెండేండ్లు భద్రపఱుపవలయును. వీనికి దోడు 2013లో ప్రకటింపబడి 2014 మార్చి 1 నుండి అమలునకు వచ్చినది హెచ్ 1 షెడ్యూలు. మొదట దానిలో జేర్చిన మందులు 46. క్షయకు వాడు ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్ మొదలగునవి, సెఫిక్సిమ్ వంటి బలమైన యాంటిబయాటిక్కులు, అల్ప్రజోలం వంటి అలవాటుగ మాఱెడి నిద్రమందులు అందు గలవు. వీనిని అమ్మినపుడు వైద్యుని పేరును, చిరునామాను, రోగి పేరును, మందు పేరును, పరిమాణమును వేఱు పుస్తకమున వ్రాసి మూడేండ్లుంచవలయును. క్షయక్రిమి రిఫాంపిసినునకు లొంగకపోయినచో రోగికి మిగులునది దీర్ఘమును కష్టతరమునగు చికిత్స. అట్టి క్రిమి యింటిలోని బిడ్డలకును సోకును. ఆ పుస్తకపు విలువ యిదియే.

ఇంత విపులమైన శాసనముండగా, 2024 జనవరిలో కేంద్ర ఆరోగ్యసేవల డైరెక్టరు జనరలు యాంటిబయాటిక్కులను చీటిపైననే యిండని మందుల వర్తకులకు విజ్ఞప్తి చేయవలసివచ్చినది. శాసనముగా నుండవలసినది ప్రార్థనగా మాఱుట యేమి రాజ్యాంగమో మాకు బోధపడకున్నది.

ఇక జనులు వాడు పేరు వేఱు. చీటిలేని మందు, కౌంటరు మందు అనుచుందురు. ఇట్టి తరగతిని 1945 నియమములు నిర్వచింపనే లేదు. ఈ షెడ్యూళ్లలో లేనిదానిని చీటి లేకుండ నమ్ముచున్నారు, అంతే. కే షెడ్యూలు మాత్రము వేయికి మించని జనాభాగల గ్రామములలో పారాసెటమాల్, ఆస్పిరిన్, ఆముదము మొదలగు గృహౌషధములను కొన్ని షరతులపై లైసెన్సు లేకయే యమ్మవచ్చునన్నది. ఇందు వివేకము గలదు. పల్లెవాసికి జ్వరపుమాత్ర కొఱకు పది మైళ్లు నడువవలసిన పని లేకపోయినది.

వైద్యుడే లేనిచోట చీటి యెక్కడిదని కొందఱందురు. ఈ యాక్షేపణ నిజమైనదే. దానిని త్రోసివేయు పట్టణవాసి పల్లెను చూడనివాడు. కాని దానికి బదులు వైద్యుని బంపుటయేగాని, సెఫిక్సిమును బెల్లపుముక్కవలె నమ్మనిచ్చుట కాదు. అదియుగాక, మేము చెప్పుచున్న అంగళ్లలో ననేకము వైద్యాలయముల వీధులలోనే యున్నవి. చీటి దొరకనిచోట గాదు, చీటి యడుగనిచోట నీ యమ్మకము సాగుచున్నది.

కొనువానికి హెచ్ అననేమో, హెచ్ 1 అననేమో తెలియదు. చదువుకొన్న గుమాస్తాకును తెలియదు. ఆంధ్రదేశమున నమ్మెడి పట్టీపై హెచ్చరిక తెలుగున, కంటికానునంత యక్షరములతో నుండవలయును. “వైద్యుని చీటి లేక అమ్మరాదు, కొనరాదు” అను నాలుగు మాటలకు చోటు చాలదనుట నమ్మదగినది కాదు. కత్తిరించిన ప్రతిముక్కపైనను అది యుండునట్లు ముద్రింపవలయును. తనిఖీదారులు అంగడికి వచ్చినపుడు ముందుగా హెచ్ 1 పుస్తకమును, కొనుగోలు బిల్లులను ప్రక్కప్రక్కన బెట్టి చూడవలయును. వచ్చిన మాత్రలెన్ని, నిలువయున్నవెన్ని, వ్రాసినవెన్ని యను లెక్క గంటలో తేలును. ఆ తనిఖీల ఫలితములను జిల్లాలవారిగ ఏటేట ప్రకటింపుడని రెండు తెలుగు రాష్ట్రముల ఔషధ నియంత్రణ శాఖలను మేము కోరుచున్నాము.