శరీరమే చేసినదను సాకు

సెమాగ్లుటైడు పేటెంటు గడువు 2026 మార్చి 20 న తీరి దేశీయ కంపెనీలకు తలుపులు తెరచుకొన్నది మొదలు, ఆకలి నణచు ఆ సూదిమందు మధుమేహమునకు, స్థూలకాయమునకే గాక పేగుపూతకును పనికివచ్చుననియు, అది మన పేగులే స్రవించు హార్మోను గనుక భయపడ నక్కరలేదనియు చెప్పువారు బయలుదేరినారు. మొదటి మాటను శాస్త్రజ్ఞులు పరీక్షించుచున్నారు. దానితో మాకు పేచీ లేదు. రెండవది పచ్చి బూటకము.

భోజనానంతరము పేగుగోడలోని కణములు స్రవించు ఆ హార్మోను, జీఎల్‌పీ-1, రక్తములో రెండు నిమిషములు నిలిచిన గొప్ప. డీపీపీ-4 అను ఎంజైము దానిని అంతలోనే తెగగొట్టును. ఆ ఎంజైమునకు చిక్కకుండ ఒక అమైనో ఆమ్లమును మార్చి, రక్తములోని ఆల్బుమిన్‌ను పట్టుకొని వ్రేలాడుటకు కొవ్వు ఆమ్లపు తోకను తగిలించి, వారము గడచినను సగము మిగిలియుండునట్లు కర్మాగారమున రూపొందించినదే సెమాగ్లుటైడు. గడపలో నిలబడి మంచినీళ్లు త్రాగి పోవు చుట్టమును వారము దినములు నట్టింట తిష్ఠ వేయించి, మనవాడే గదా యనుట ఏమి న్యాయము? శరీరము చేసికొనునది హాని చేయదనువారు, పేగుపూతకే ఏండ్ల తరబడి స్టెరాయిడ్లు మ్రింగి, ముఖ ముబ్బి, ఎముకలు గుల్లబారినవారిని ఒక్కమారు పలుకరింపవలసినది; ఆ మాత్రలును శరీరము చేసికొను కార్టిసాలునకు దాయాదులే.

అంతకన్న క్రూరమైన సంగతి వేరొకటి యున్నది. దినమునకు పదిమార్లు రక్తవిరేచనములై, అన్నము సయింపక, నెలనెలకు చిక్కి శల్యమగుచున్న మనిషికి ఆకలిని చంపు మందా! వమనము, విరేచనములు, మలబద్ధము, జీర్ణాశయము మందగించుట దీనికి పేరుపడిన దుష్ఫలితములు. మచ్చకట్టి పేగు ఇరుకైన క్రోన్స్ అను పేగుపూత రోగికి అవి మందువలన వచ్చినవో, వ్యాధి తిరుగబెట్టి వచ్చినవో తేల్చుకొనులోపల పుణ్యకాలము గడచిపోవచ్చును. బరువెక్కిన పేగుపూత రోగులును లేకపోలేదు. వారి సంగతి వారి వైద్యుడు చూచుకొనును.

2021 లో వెలువడిన డెన్మార్కు అధ్యయనమున ఈ తెగ మందులు వాడినవారికి పేగుపూత ఉపద్రవములు తగ్గినట్లు కనబడినది, నిజమే. కాని అందలి 3,751 మందియు మధుమేహులు, అది ఉన్న రికార్డుల పరిశీలనయే గాని చీట్లు వేసి జరిపిన పరీక్ష గాదు.

నెల్లూరు తీరమువారికి ఈ యెత్తు క్రొత్తది కాదు. 2021 మే 31 న కృష్ణపట్నమున ఆనందయ్య పంచిన కోవిడు నాటుమందుకు, కంటి చుక్కలు మినహాయించి, ప్రభుత్వము అనుమతి యిచ్చినపుడు, అందుకు ఆధారమైన నివేదిక హాని లేదనియు, దానివలన కోవిడు తగ్గునన్న నిదర్శనమును లేదనియు చెప్పినది. జనము చెవిని పడినది హాని లేదన్న మాట యొక్కటే; ఊరు దాటునప్పటికి అది నయమగునన్న మాట యయ్యెను.

పేగుపూత మాట అటుంచి, మధుమేహమునకు, స్థూలకాయమునకు మందున్నదని జనసామాన్యమునకు ప్రకటించుటనే మందుల ప్రకటనలపై 1954 నాటి చట్టము నిషేధించినది. ఔషధ నియంత్రణాధికారులు నెల్లూరు పోగతోటలో ఏ మందుల దుకాణమునకైనను పోయి, ఈ సూది పెట్టె విప్పించి, లోని కాగితమును చదువుదురు గాక. ఏ రోగమునకు వాడవలెనో వ్రాసినచోట మధుమేహము గాని స్థూలకాయము గాని యుండును, పేగుపూత యుండదు.