మొక్కుకి అడ్రసు మనమే ఇవ్వాలి

మాది మునిగుడ. ఒడిశాలో రాయగడ జిల్లా. విజయనగరం నుంచి రైలెక్కితే బొబ్బిలి, పార్వతీపురం, రాయగడ దాటాక వస్తుంది. మాకు ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. అన్నయ్య చెన్నైలో వెల్డింగ్ పని చేస్తాడు. నేను ఇక్కడ హాస్టల్లో ఉంటాను. దూరాన ఉన్న మా ఇద్దరి కోసం అమ్మ చేసేది ఒకటే, దేవుడికి చెప్పుకోవడం. శుక్రవారం ఉపవాసం, రాయగడ మజ్జిగౌరమ్మకి మొక్కు. పక్కింటి అత్త చర్చికి వెళ్తుంది. హైదరాబాదులో ఉన్న కొడుకు కోసం ఆవిడదీ ఉపవాస ప్రార్థనే. సాయంత్రం ఇద్దరూ అరుగు మీద కూర్చుంటే పిల్లల మాటే.

"మొక్కితే హాస్టల్ ఫీజు తగ్గుతుందా?" అని నేనే ఒకసారి ఎగతాళి చేశాను. ఇప్పుడు అనను. పెద్దయిన పిల్లల్ని చెయ్యి పట్టుకుని నడిపించలేరు. గంటకోసారి ఫోన్ చేసి "ఎక్కడున్నావ్?" అంటే మనకే చిరాకు. ప్రార్థనలో అయితే తల్లి మనల్ని తలుచుకుంటుంది గానీ మన మీద అజమాయిషీ చెయ్యదు. తన భయాన్ని మన నెత్తిన పెట్టకుండా దేవుడి ముందు దించుకుంటుంది. అది చిన్న సాయం కాదు.

కానీ ఇందులో ఒక చిక్కుంది. పోయినేడాది పనిలో అన్నయ్య చెయ్యి కాలింది. ఇంటికి చెప్పలేదు. అమ్మ వీడియో కాల్ చేస్తే "నెట్ సరిగా లేదమ్మా" అని తప్పించుకునేవాడు. నాకు తెలుసు, నేనూ చెప్పలేదు. "అమ్మ మన కోసం అన్ని ఉపవాసాలుంటోంది. ఇది చెబితే ఆమె నమ్మకం ఏమైపోవాలి?" అన్నాడు. ఆ చైత్రంలో జాతరకి వెళ్లాం. "పిల్లలు చల్లగా ఉన్నారు తల్లీ" అంటూ అమ్మ మొక్కు తీరుస్తుంటే పక్కనే నిలబడ్డాను. ప్రసాదం నాకు గొంతు దిగలేదు.

తర్వాత అన్నయ్య ఇంటికొస్తే మచ్చ బయటపడింది. అమ్మ దేవుణ్ణి ఒక్క మాట అనలేదు. అన్నయ్యనే అడిగింది: "నువ్వు సెప్పకపోతే అమ్మోరికి నానేటని సెప్పుకోవాలి రా? కాలిన సెయ్యి ఒగ్గేసి, బాగున్న సెయ్యికి మొక్కినాను ఇన్నాల్లూ!"

అది విని పక్కింటి అత్త ఒక కథ చెప్పింది. పదహారు వందల ఏళ్ల కిందట ఉత్తర ఆఫ్రికాలో మోనికా అనే తల్లి ఉండేది. కొడుకు ఆగస్టీన్ రోముకి వెళ్తానంటే తనూ వస్తానంది. స్నేహితుణ్ణి సాగనంపి వస్తానని అబద్ధం చెప్పి, ఆమె రాత్రంతా ప్రార్థనలో ఉండగా అతను ఓడెక్కేశాడు. ఈ సంగతి ఆగస్టీనే తన ఆత్మకథలో రాసుకున్నాడు. మోనికా ప్రార్థన మానలేదు. అలాగని ఇంట్లో కూర్చోనూ లేదు. సముద్రం దాటి మిలాన్‌లో కొడుకుని చేరుకుంది. 387లో అతను బాప్తిస్మం తీసుకునే నాటికి ఆమె అక్కడే ఉంది.

నాకు తోచింది ఇది. అమ్మలు మొక్కుకోవాలి. కానీ "నేను మొక్కాను కాబట్టి నీకేం కాదు" అనకూడదు. అలా అంటే పిల్లలకి కష్టం చెప్పుకోవడం కూడా తప్పులా అనిపిస్తుంది. "ఏమైనా సరే, నాకు చెప్పు" అనాలి. ఇక మన సంగతి. అమ్మ బాధపడుతుందని దాస్తున్నాం అనుకుంటాం. నిజానికి అమ్మని మన బతుకు బయట నిలబెడుతున్నాం. మన కోసం చేసే ప్రార్థనకి సరైన అడ్రసు మనమే ఇవ్వాలి.

మొన్న ఇంటర్నల్స్‌లో నాకు ఒక పేపరు పోయింది. ఆ రాత్రే అమ్మకి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఏ పేపరమ్మా?" అని పేరు అడిగి, రెండుసార్లు పలికి నేర్చుకుంది. శుక్రవారం అమ్మవారి ముందు ఆ పేరే చెప్పిందట.

ఈ ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు "బాగున్నాను" దగ్గరే ఆగిపోకండి. ఇంకో మాట, నిజమైనది, చెప్పండి.