అశ్వశక్తియు, చమురు పొదుపును

పెద్ద మోటారుబండి కొనదలచిన గృహస్థుడు విక్రయశాలలో నడుగు ప్రశ్నలు రెండే. ఎన్ని గుఱ్ఱముల బలమనునది మొదటిది. లీటరున కెన్ని కిలోమీటర్లనునది రెండవది. ఈ రెండును పరస్పర విరోధులనియు, బలము కావలెనన్న చమురు పోయవలెననియు, చమురు మిగులవలెనన్న బలమును వదలుకొనవలెననియు సామాన్యముగా నందఱును నమ్మియున్నారు. మొన్న మా న్యాయవాద మిత్రులొకరు కుటుంబమంతయు సుఖముగా గూర్చుండదగిన సెడాను బండిని కొనబోవుచు మమ్మును వెంటబెట్టుకొనిపోయిరి. అచ్చటి యువకుడు రెండంకెలను గడగడ వల్లించెను. "బాబూ, ఈ బలమును, ఈ పొదుపును ఒకేమారు చిక్కునా?" యని మిత్రులడుగగా నతడు చిఱునవ్వు నవ్వి యూరకుండెను. ఆ ప్రశ్నకు సమాధానమిచ్చుటయే కాక, దానికిని మన పన్నుల చట్టమునకును గల సంబంధమును పాఠకుల యెదుట బెట్టుటయు నేడు మా యుద్దేశము.

వేర్వేఱు బండ్లను బోల్చినచో బరువు వేఱు, ఆకారము వేఱు. ఏ భేదమునకేది కారణమో తెలియరాదు. అమెరికాలో విక్రయింపబడిన టయోటా కేమ్రీ 2024వ సంవత్సరపు మాదిరి యీ చిక్కును దీర్చుచున్నది. బండి యొక్కటే, యంత్రములు మూడు. ఆఱు సిలిండర్లుగల మూడున్నర లీటర్ల యంత్రము 301 అశ్వశక్తి. నాలుగు సిలిండర్లుగల రెండున్నర లీటర్ల యంత్రము 203 అశ్వశక్తి. పెట్రోలు యంత్రమునకు విద్యుత్తు మోటారును జతపఱచిన హైబ్రిడ్డు 208 అశ్వశక్తి. అచ్చటి పర్యావరణ పరిరక్షణ సంస్థవారి పరీక్షలో నగరమును రహదారియు గలిపి మొదటిది గ్యాలనుకు 26 మైళ్లును, రెండవది 32 మైళ్లును, మూడవదానిలో పొదుపైన తరగతి 52 మైళ్లును నడచినవి. మన లెక్కలో లీటరునకు సుమారు 11, 13.6, 22 కిలోమీటర్లన్నమాట.

ఈ యంకెలను మఱియొక విధముగా జెప్పుదము. నూఱు కిలోమీటర్ల ప్రయాణమునకు మొదటి బండి తొమ్మిది లీటర్లు త్రాగును. మూడవది నాలుగున్నర లీటర్లతో సరిపెట్టుకొనును. తొంబదిమూడు గుఱ్ఱముల యధిక బలమునకై చమురు సరిగా రెట్టింపు. రెండవదానిని మూడవదానిని బోల్చుడు: బలమున మూడవదే యించుక మిన్న, చమురున మిక్కిలి తక్కువ. కావున లోకమున వ్యాపించిన నమ్మకము సగము నిజము, సగము భ్రమ. కేవలము పెట్రోలుపై నడచు యంత్రముల రెండింటి నడుమ బలమునకును పొదుపునకును పోరున్నమాట వాస్తవమే. హైబ్రిడ్డు వచ్చిన పిదప నా పోరు చాలవఱకు సమసిపోయినది.

ఇదెట్లు సాధ్యమైనది? పుస్తకములో వ్రాయబడు అశ్వశక్తి యంత్రము మిక్కిలి వేగముగా దిరుగునప్పటి గరిష్ఠశక్తి. సుమారు పదునాఱు వందల కిలోల బరువుగల యిట్టి సెడాను సమతలమైన రహదారిపై గంటకు 80 కిలోమీటర్ల నిలుకడ వేగముతో బోవుటకు, గాలి యడ్డును చక్రముల రాపిడిని గలిపి లెక్కించినను, పది పండ్రెండు గుఱ్ఱముల బలము చాలును. నూఱు కిలోమీటర్ల వేగమునకు సుమారిరువది చాలును. తక్కిన బలమంతయు దాటిపోవునపుడును, ఎత్తులెక్కునపుడును, నిలిచినచోటినుండి దుముకునపుడును మాత్రమే యక్కఱకు వచ్చును. పెద్ద యంత్రము చిన్నపనిలోనుండగా గాలిని లోనికి బీల్చుకొనుటకే కొంత శక్తిని వృథా చేయును. లోపలి రాపిడికి మఱికొంత పోవును. గడ్డిమోపు మోయుటకేనుగును బెట్టినచో మోపు చిన్నదేయైనను ఏనుగు మేత తగ్గదుగదా!

హైబ్రిడ్డులో నీ యేనుగును చిన్నపనికి లేపరు. బండి కదలునప్పటి మొదటి యీడ్పునకు విద్యుత్తు మోటారు తోడ్పడును. కూడలిలో దీపమెఱ్ఱనైనప్పుడు పెట్రోలు యంత్రమాగిపోవును. బ్రేకు నొక్కినపుడు వేడియై పోవలసిన శక్తిలో నొకభాగము విద్యుత్తుగా మాఱి బ్యాటరీలో జేరును. తోడున్నది గనుకనే పెట్రోలు యంత్రమును బలమునకుగాక పొదుపునకు ననువగు అట్కిన్‌సన్ పద్ధతిలో నిర్మింప వీలగుచున్నది. నిలుచుచు కదలుచు సాగు విజయవాడ, హైదరాబాదు వీథులలో నీ యేర్పాటు మిక్కిలి లాభకరము. ఆగకుండ సాగు రహదారిపై లాభము తగ్గును; ఈ మాటను దాచుట న్యాయము కాదు.

శాస్త్రము వృద్ధియైన మాత్రమున చమురు దానంతటది మిగులునని తలంచువారు అమెరికా చరిత్రను జూడవలెను. 1973లో అరబ్బు దేశములు చమురు నిలిపివేయగా నచ్చటి జనులు పెట్రోలు బంకులకడ బారులు తీర్చిరి. 1975లో వారి శాసనసభ చట్టముచేసి, ప్రతి నిర్మాతయు నమ్ము కార్లకు 1978లో సగటున గ్యాలనుకు 18 మైళ్లును, 1985 నాటికి 27.5 మైళ్లును ఉండవలెనని విధించెను. బండ్లు తేలికయైనవి, పొదుపు పెరిగినది. పిమ్మట చమురు చౌకయైనది. కార్లకు విధించిన మేర 1990 మొదలు 2010 వఱకు 27.5 మైళ్లకడనే నిలిచిపోయినది. ఆ కాలమున యంత్రశాస్త్రము నిలిచిపోలేదు. కవాటములు, ఇంధనము జిమ్ము సాధనములు, గేరుపెట్టెలు నన్నియు మెఱుగుపడినవి. ఆ మెఱుగంతయు నేమైనది? అధికభాగము బలమునకును బరువునకును వ్యయమైపోయినది. చట్టము కొలిచినంతకాలము పొదుపు పెరిగినది. చట్టము నిద్రించినప్పుడు గుఱ్ఱములు పెరిగినవి. తుదకు 2025వ సంవత్సరపు మాదిరితో కేమ్రీ తన యాఱు సిలిండర్ల యంత్రమును విడిచి, 225 అశ్వశక్తియు, పొదుపైన తరగతిలో గ్యాలనుకు 51 మైళ్లును గల హైబ్రిడ్డొక్కటిగానే యచ్చట విపణికి వచ్చినది.

ఇక మన దేశమునకు వత్తము. ఈ బండినే బెంగుళూరు సమీపమున బిడది కర్మాగారమున గూర్చి 2024 డిసెంబరులో 48 లక్షల రూపాయల వెలతో విడుదల చేసిరి. బలము సుమారు 230 అశ్వములు, లీటరునకు 25.49 కిలోమీటర్లని ధ్రువపత్రము. అమెరికాలో సుమారు 21.7 కిలోమీటర్లు నడచిన బండి మనకడ 25 దాటుట చూచి పాఠకులాశ్చర్యపడకుందురుగాక. మన పరీక్ష గంటకు 90 కిలోమీటర్ల వేగమును మించదు. వారి పరీక్షలో వేగము, ఎండ, చలి, చల్లదనపు యంత్రము నన్నియు లెక్కకు వచ్చును. కావున నొక దేశపు టంకెను మఱియొక దేశపు టంకెతో బోల్చుట వీసెను తులముతో బోల్చుటవంటిది. ఒకే పరీక్షలోని యంకెలను మాత్రమే పోల్చవలెను.

ఇప్పుడు చట్టము మాట. 2025 సెప్టెంబరు 22వ తేదీకి పూర్వము పెద్ద సెడాను హైబ్రిడ్డయినచో వస్తుసేవల పన్నును పరిహారపు సుంకమును గలిపి నూటికి 43 రూపాయలు. అట్టి పరిమాణముగల సాధారణ పెట్రోలు సెడాను 48 రూపాయలు. ఎత్తైన పెద్ద ఎస్‌యూవీ 50 రూపాయలు చెల్లించుచుండెను. పొదుపైన బండికి ఐదు రూపాయల తేడాయైనను గౌరవముండెను. ఆనాడు వచ్చిన సంస్కరణముతో మూడింటికిని 40 రూపాయలే యైనది. పన్ను తగ్గుటకు మేము విచారింపము. తొమ్మిది లీటర్లు త్రాగుదానిని, నాలుగున్నర లీటర్లు త్రాగుదానిని నొకే గాటకట్టుటకు మాత్రము విచారించుచున్నాము.

పెట్రోలు బండికి 18 రూపాయల తక్కువ పన్ను కావలెనన్న రెండు నిబంధనలు: యంత్రము 1200 ఘనసెంటీమీటర్లు మించరాదు, పొడవు నాలుగు మీటర్లు దాటరాదు. అది లీటరున కెంత నడచునో యడుగువారు లేరు. లీటరునకు 20 కిలోమీటర్లకు లోపుగా నడచు చిన్న బండ్లు 18 రూపాయల వరుసలో గూర్చున్నవి. 25 కిలోమీటర్లు నడచు పెద్ద బండి 40 రూపాయల వరుసలో నిలువబడినది. ఇక మన తెలుగు రాష్ట్రములు రెండింటను జీవితకాలపు పన్ను బండి వెలనుబట్టి నిర్ణయింపబడును. చమురు మిగుల్చు మోటారును బ్యాటరీని బండివెలను పెంచుటచే నా పెరిగిన వెలపై నీ పన్నును బెరుగును. పొదుపు చేయు సాధనముపైననే పన్ను వేయుట యెట్టి న్యాయమో మాకు బోధపడకున్నది.

కొలమానము ప్రభుత్వము చేత లేదందుమా, ఉన్నది. నిర్మాతలమ్ము బండ్లన్నిటి సగటున కిలోమీటరునకు వెలువడు బొగ్గుపులుసు వాయువు 2017-18 మొదలు సుమారు 130 గ్రాములనియు, 2022-23 మొదలు సుమారు 113 గ్రాములనియు మనవారే హద్దు విధించిరి. నిర్మాతను చమురుతో కొలిచి, కొనువానిని మూరకఱ్ఱతో కొలుచుట మా యాక్షేపణ.

నలుబదియెనిమిది లక్షల బండి నెక్కువారికి చమురు లెక్కయేమి, వారికై పన్ను తగ్గింపుమనుట ధనికుల వకాల్తా పుచ్చుకొనుట కాదా యని కొందఱడుగుదురు. ప్రశ్న సమంజసమే. ధనికుని రూపాయ ధనికునిదే. అతడు కాల్చు చమురు మాత్రము దేశముది. మన కావలసిన ముడిచమురులో నూటికి 85 పాళ్లకు పైగా విదేశములనుండి దిగుమతియగుచున్నది. కృష్ణాగోదావరీ తీరమున చమురును వాయువును దొరకుచున్నను దేశపు టాకలికి చాలినంత కాదు. ఎవడు కాల్చినను ఆ సొమ్ము నౌకలెక్కి పోవలసినదే. అంతియకాక యీ విషయము లక్షాధికారులతో నిలుచునది కాదు. 2022లో వచ్చిన హోండా సిటీ హైబ్రిడ్డు 126 అశ్వశక్తితో లీటరునకు 26.5 కిలోమీటర్లని ధ్రువపత్రము పొందినది. ఆనాటి సాధారణ సిటీ 121 అశ్వశక్తితో, స్వయంచాలకమైన గేరుపెట్టెతో 18.4 కిలోమీటర్లు. ఇది మన వైద్యులు, ఉద్యోగులు, వర్తకులు కొను తరగతి బండి. పొడవు నాలుగున్నర మీటర్లు, యంత్రము 1498 ఘనసెంటీమీటర్లు. కావున దీనికిని 40 రూపాయల వరుసయే.

ఏడాదికి పండ్రెండువేల కిలోమీటర్లు దిరుగు కుటుంబమునకు ఈ హైబ్రిడ్డు వలన సుమారు 200 లీటర్లు మిగులును. లీటరు నూఱు రూపాయలనుకొన్నను ఇరువదివేలు. రెండు బండ్ల వెలలోని తేడా లక్షలలో నున్నప్పుడు ఈ మిగులుతో నా తేడా తీఱుట కనేక సంవత్సరములు పట్టును. తక్కువ దిరుగువానికి తీఱనే తీఱదు. అట్టివానిని దేశభక్తి పేర హైబ్రిడ్డు కొనుమని మేము చెప్పము. కొనువాని లెక్కలో గిట్టనిది దేశపు లెక్కలో గిట్టుచున్నది. ఈ రెండు లెక్కల నడుమనున్న గోతిని పూడ్చుటకే పన్ను విధానమనునది యుండవలసినది. బండి నిండు బలగముతో కనుమ దారి నెక్కునప్పుడు బలము కావలెనని మఱికొందఱందురు. కావలెను. రెండువందల గుఱ్ఱములు దానికి చాలునా యనిన, మున్నూఱు లేక యే కుటుంబమును కనుమలో నిలిచిపోయినట్లు మేమెఱుగము.

కావున మేము కోరునవి మూడు. మొదటిది, ప్రతి బండి యద్దముపైనను నూఱు కిలోమీటర్లకెన్ని లీటర్లు త్రాగునో పెద్ద యక్షరములతో తెలుగున వ్రాయవలెను. లీటరున కిన్ని కిలోమీటర్లనుట కొనువానిని భ్రమపెట్టును. పదునొకటి పదుమూడున్నర యైనచో నూఱు కిలోమీటర్లకు లీటరున్నరకు మించి మిగులును. ఇరువది యిరువదిరెండున్నర యైనచో అరలీటరు మాత్రము మిగులును. రెండు చోట్లను పెరిగినది రెండున్నరయే! రెండవది, కేంద్ర పన్ను పొడవును ఘనసెంటీమీటర్లను విడిచి యీ లీటర్ల ననుసరించి మెట్లు మెట్లుగా నుండవలెను. మూడవది, మన రాష్ట్రముల జీవితకాలపు పన్ను పొదుపు సాధనముల వెలను లెక్కనుండి మినహాయింపవలెను. 2024 జూలైలో ఉత్తరప్రదేశ ప్రభుత్వము బలమైన హైబ్రిడ్డులకు రిజిస్ట్రేషను పన్నును మాఫీ చేసినది. మనకీ దారి క్రొత్తది కాదు.

శాసనసభ్యులు మీ యూరికి వచ్చినప్పుడు, పఠనమందిరములలో చేరు సోదరులారా, ఈ మూడు కోరికలను వారి యెదుట బెట్టుడు. మా మిత్రులు బండి నింకను కొనలేదు. ఆ యువకుని కడకు మరల బోయి, "నూఱు కిలోమీటర్లకెన్ని లీటర్లు?" అని యడుగుదుమనుచున్నారు. మీరును విక్రయశాలలో కాలిడినప్పుడు మొదట నా ప్రశ్ననే వేయుడు. గుఱ్ఱముల సంగతి పిదప నడుగవచ్చును.