మొద్దు అని తీర్పు చెప్పేదెవరు?

మన వసతిగృహం వార్షికోత్సవ సంచికలో చదువు గురించి, పోటీ పరీక్షల గురించి, మహనీయుల జీవితాల గురించి వ్యాసాలు వస్తుంటాయి. అవి రావలసిందే. నేను మాత్రం ఈసారి ఒక పాట గురించి రాస్తున్నాను. అది మన భాష పాట కాదు, మన దేశం పాట కాదు, ఈ కాలం పాట అంతకన్నా కాదు. 1972లో ఇంగ్లండులో వచ్చింది. పేరు ‘థిక్ యాజ్ ఎ బ్రిక్’. మన మాటల్లో చెప్పాలంటే ‘ఇటుకంత మొద్దు’. పాడిన బృందం పేరు ‘జెత్రో టల్’.

అసలు జెత్రో టల్ సంగీతకారుడే కాదు. 1701 ప్రాంతంలో ఇంగ్లండులో గుర్రం లాగే విత్తనాల గొర్రును తయారుచేసిన వ్యవసాయదారుడు. ఆయన పేరునే ఈ బృందం పెట్టుకుంది. గొర్రు, జడ్డిగం తెలిసిన ఇళ్ళ నుంచి వచ్చిన మనకు ఆ పేరు మరీ పరాయిది కాదు.

1960ల చివర్లో ఇంగ్లండులో కొందరు యువకులు మూడు నిమిషాల పాటలతో తృప్తిపడలేదు. రాక్ సంగీతంలోకి జానపదాన్ని, జాజ్‌ను, పాశ్చాత్య శాస్త్రీయ సంగీతాన్ని కలిపి పొడవాటి పాటలు కట్టారు. దానినే ప్రోగ్రెసివ్ రాక్ అన్నారు. 1971లో జెత్రో టల్ ‘ఆక్వాలంగ్’ అనే ఆల్బం తెచ్చింది. ఒకే ఇతివృత్తం మీద అల్లిన ఆల్బం ఇది అని విమర్శకులు తీర్మానించారు. బృందం నాయకుడు ఇయాన్ ఆండర్సన్ కాదు మొర్రో అన్నా ఎవరూ వినలేదు. సరే, అలాంటిది నిజంగానే చేసి చూపిస్తానని, అందరినీ ఆటపట్టించడానికి ఆయన కట్టినదే ఈ పాట. మొత్తం దాదాపు 44 నిమిషాలు. ఎల్పీ రికార్డు రెండు వైపులా ఒక్కటే పాట!

ఇంకో తమాషా ఉంది. ఆ రికార్డు అట్టను 12 పేజీల పల్లెటూరి వార్తాపత్రికలా అచ్చువేశారు. అందులో ప్రధాన వార్త జెరాల్డ్ బోస్టాక్ అనే ఎనిమిదేళ్ళ కుర్రవాడి గురించి. అతడు రాసిన కవితకు బహుమతి వచ్చింది. టీవీలో ఆ కవిత చదివాక పెద్దల నుంచి నిరసనలు వచ్చాయి. పిల్లవాడి మనసే సరిగా లేదని నిపుణులు తేల్చారు. బహుమతి వెనక్కి తీసుకుని, భక్తి వ్యాసం రాసిన పన్నెండేళ్ళ అమ్మాయికి ఇచ్చారు. ఆ కవితే ఈ పాట అని పత్రిక చెబుతుంది. ఇదంతా కల్పన. అలాంటి కుర్రవాడు లేడు, అలాంటి పోటీ జరగలేదు.

కల్పనే కావచ్చు, కానీ నన్ను పట్టుకున్నది అదే. బహుమతి ఇచ్చిన రోజుకీ, లాక్కున్న రోజుకీ మధ్య ఆ కవితలో ఒక్క అక్షరం మారలేదు. మారింది పెద్దల మనసు. తీర్పు మారితే తప్పు పిల్లవాడిదెలా అవుతుంది?

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. బడిలో లెక్క తప్పితే ఊళ్ళో పిల్లలు ఒక్క లెక్క తప్పినట్టు. అదే మనం తప్పితే ‘హాస్టల్ మొద్దులు’. మొదటి మార్కు వచ్చిననాడు ‘ఎక్కడ చూసి రాశావురా’ అని అడిగినవాళ్ళూ ఉన్నారు. మీలో చాలామంది ఈ మాటలు వినే ఉంటారు. అందుకే ఈ వింత పాట మనకు దూరంది కాదంటాను.

పాట విషయానికొస్తే, ఒక్క గిటారుతో, వేణువుతో నెమ్మదిగా మొదలవుతుంది. మీరు వినకపోయినా నాకేం ఫర్వాలేదన్న ధోరణి గాయకుడిది. తర్వాత ఆర్గాన్, ఎలక్ట్రిక్ గిటారు వచ్చి కలుస్తాయి. తాళం ఉన్నట్టుండి మారిపోతుంది. ఒకచోట కవాతులా, ఒకచోట జోలపాటలా ఉంటుంది. ఎక్కడెక్కడో తిరిగి చివరికి మొదటి వరసకే చేరుతుంది. వేణువు వాయించే ఆండర్సన్ ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, తనంతట తానే పట్టుబట్టి సాధించాడు. ఒంటికాలి మీద నిలబడి వాయించడం ఆయన అలవాటు.

లోపాలు లేవని అనను. రెండో వైపు మొదట్లో డ్రమ్ముల మోత, గందరగోళం సహనాన్ని పరీక్షిస్తాయి. మాటలు చాలాచోట్ల అంతుపట్టవు. అయినా వేళాకోళానికి కట్టిన పాటలో ఇంత శ్రద్ధ, ఇంత కష్టం ఉండటం నాకు ఆశ్చర్యం కలిగించింది. ఆ ఏడాదే అది అమెరికాలో ఆల్బంల పట్టికలో మొదటి స్థానానికి చేరింది.

‘అర్థంకాని ఇంగ్లీషు పాట మనకెందుకన్నా?’ అని ఒక తమ్ముడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. నా జవాబు ఇది. తెల్లవార్లూ కూర్చుని ఒగ్గుకథ విన్నవాళ్ళ బిడ్డలం మనం. మనకు 44 నిమిషాలు ఎక్కువ కాదు. అర్థం కానిదల్లా గొప్పదని నేను అనడం లేదు. ‘ఇది మీకోసం కాదు’ అని ఎవరో ముందే గీసిన గీత దగ్గర మనమే ఆగిపోకూడదంటున్నాను. చదువులో మన వాటా అడుగుతున్నాం, ఉద్యోగాల్లో అడుగుతున్నాం. పాటలో, కథలో, బొమ్మలో మాత్రం వదులుకోవడం ఎందుకు? అభిరుచి కూడా హక్కే.

2012లో ఆండర్సన్ ఈ పాటకు కొనసాగింపు తెచ్చాడు. ఆ జెరాల్డ్ పెద్దయ్యాక ఏమై ఉంటాడని ఊహించాడు. బ్యాంకు ఉద్యోగి కావచ్చు, నిలువ నీడ లేనివాడు కావచ్చు, సైనికుడు, మత ప్రచారకుడు, లేదా అతి మామూలు మనిషి కావచ్చు. ఒక్క పిల్లవాడికి ఇన్ని దారులు. ఎనిమిదేళ్ళప్పుడు పెద్దలు చెప్పిన తీర్పు ఏ దారినీ మూసెయ్యలేదు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! పరీక్షలైపోయాక ఒక సాయంత్రం ఈ పాట మొత్తం వినండి. నచ్చకపోతే నచ్చలేదని ధైర్యంగా చెప్పండి. కానీ విన్న తర్వాతే చెప్పండి. మన గురించి కూడా లోకం అలాగే, మనల్ని విన్న తర్వాతే మాట్లాడాలని కదా మనం కోరేది!